పాకకు బోర్డు పెట్టిన రోజు

నాకు నోరెక్కువని మా ఊళ్ళో అందరికీ తెలుసు. దీని నోట్లో నువ్వుగింజ నానదు అని అమ్మ నన్ను చిన్నప్పట్నుంచీ తిడుతూనే ఉండేది. తిట్టినా నేను మారింది లేదు. ఆ నోటితో నేను చేసిన పని ఒకటుంది. అంతకుముందు ఈ చేతులతో చేసిన పని ఇంకొకటుంది. రెండూ మంచికే అనుకుని చేశాను.

మాది చల్లపల్లికి దగ్గర్లో కాలవ గట్టు మీద ఊరు. నాన్న కల్లు గీసేవాడు. మా ఇంటి వెనక గట్టున వరసగా పద్నాలుగు తాడిచెట్లు, ఒక్కోదానికి ఒక్కో నంబరు, అవన్నీ నాన్న లైసెన్సులో ఉండేవి. ఆ లైసెన్సుకు ఒక పద్ధతుంది. గీసినవాడు తన కల్లు తన చెట్ల కిందే అమ్ముకోవాలి. రోడ్డు మీదికి తేకూడదు, సెంటర్లో కొట్టు పెట్టకూడదు, ఇంకోచోటికి మోసుకెళ్ళి అమ్మకూడదు. ఇంకా, బడికీ గుడికీ దగ్గర్లో అసలే అమ్మకూడదు. చర్చయినా మసీదైనా గుడి కిందే లెక్క. ఈ రూలు నాన్న పాఠం అప్పజెప్పినట్టు చెప్పేవాడు. నేనెప్పుడూ సరిగ్గా వినలేదు.

నా తర్వాత మా చెల్లెలు. మెదడువాపు జ్వరమొచ్చి మూడు రోజుల్లో పోయింది. బెజవాడ పెద్దాసుపత్రికి తీసుకెళ్ళేసరికే ఆలస్యమైపోయింది. అమ్మ అన్నం మానేసింది. ఎవరు పలకరించినా గోడవైపు తిరిగి పడుకునేది. పక్కూరి నుంచి ప్రార్థన చేసుకునే ఆడవాళ్ళు నలుగురొచ్చి అమ్మ పక్కన చాపేసుకుని కూర్చున్నారు. ఏవో పాటలు పాడారు, అమ్మ వీపు నిమిరారు. ఆ వేళ అమ్మ లేచి రెండు ముద్దలు తింది. నాన్న గడపలో నిలబడి చూశాడు.

ఆ రెండు ముద్దల కోసమే నాన్న పాక వేశాడు. అమ్మ పేరున ప్రభుత్వం ఇచ్చిన మూడు సెంట్ల జాగా చెట్ల పక్కనే ఖాళీగా ఉంటే, అందులో సొంత చెట్ల ఆకు కొట్టి, సొంత చేతుల్తో నేసి, ప్రార్థనకని ఇచ్చాడు. తను మాత్రం ఏ రోజూ లోపలికెళ్ళి కూర్చోలేదు. "నాకు పైన పనుందిలే, నేను రోజూ ఆయనకి దగ్గరగా పోయొస్తూనే ఉన్నాగా" అని తాడిచెట్టు మొవ్వు చూపించి నవ్వేవాడు.

అలా ఒకపక్క పాక, దానికి ఇరవై అడుగుల్లో కల్లు. నవ్వొస్తుందా? మాకప్పుడు అది మామూలు. ఆదివారం పాట మొదలవగానే నాన్న కల్లు లొట్టిల మూతుల మీద తాటాకు కప్పేసేవాడు. ఆఖరి ఆమెన్ అయ్యేదాకా ఎంత పెద్ద మనిషొచ్చినా చుక్క పోసేవాడు కాదు. తాగడానికొచ్చినవాళ్ళంతా చెట్లకానుకుని బుద్ధిగా కూర్చునేవాళ్ళు. కూర్చుని కూర్చుని వాళ్ళకీ పాటలన్నీ నోటికొచ్చేశాయి. ఒక ముసలాయనైతే ఆమెన్ అందరికంటే గట్టిగా అనేవాడు, మరి ఆ మాట తర్వాతే కదా తాటాకు తీసేది. పాస్టరు గారు మంచివాడు. లోపల కల్లుకు వ్యతిరేకంగా గంట చెప్పి, బయటికొచ్చి నాన్నని "బావున్నారా అండీ" అని పలకరించి వెళ్ళేవాడు. అమ్మ మాత్రం ప్రతివారం మోకరించి, ఆ కల్లుకుండ నా ఇంటినుంచి తీసెయ్యి ప్రభువా అని పైకే అడిగేది. నాన్నకి వినపడేది.

నేను చల్లపల్లిలో ఇంటరు చదువుతున్నప్పుడు నాకు అక్షరాల పిచ్చి పట్టింది. కాలేజీ గోడ మీద, స్నేహితురాళ్ళ నోటుపుస్తకాల మీద, ఎక్కడ జాగా దొరికితే అక్కడ గుండ్రంగా రాసేదాన్ని. చెల్లెలు పోయి నాలుగేళ్ళయిన రోజున అమ్మకేమన్నా ఇవ్వాలనిపించింది. ఒక రేకు ముక్క సంపాదించి, నీలం రంగు పూసి, తెల్లటి అక్షరాలతో ప్రార్థనా మందిరం అని రాశాను. పైన సిలువ, కింద మూలన ద్రాక్షగుత్తి. ఆ గుత్తికే రెండు రోజులు పట్టింది.

నాన్న చెట్టు దిగి, మోకుతాడు భుజాన వేసుకుని వచ్చి బోర్డు వంక చాలాసేపు చూశాడు. "ఏమ్మా, ద్రాక్షపళ్ళా? అయితే మీ దేవుడిది కూడా మా వృత్తేనన్నమాట" అన్నాడు. ఆ తర్వాత నెమ్మదిగా, "దీన్ని కొట్టాల్సిందేనా?" అన్నాడు.

నాకు చర్రున కోపమొచ్చింది. "కొట్టకపోతే అటకమీద పెట్టుకోడానికా రాసింది? అమ్మకోసం చేస్తే నీకేం అడ్డమొచ్చింది? నీ కల్లుకి నామోషీనా?" అని అరిచాను. అమ్మ తడిచేతులు తుడుచుకుంటూ వచ్చింది. అమ్మకి చదువు రాదు. అక్షరాల మీద వేలు పెట్టి, ఒక్కొక్కటీ తడుముకుంటూ వెళ్ళి, ద్రాక్షగుత్తి దగ్గర ఆగి నవ్వింది. చెల్లెలు పోయాక అమ్మ పళ్ళు కనపడేలా నవ్వడం నేను చూసింది అదే మొదలు. నాన్న అమ్మ మొహం చూశాడు. లోపలికెళ్ళి మేకులూ సుత్తీ తెచ్చాడు. పాక ముందు వాసానికి నాలుగు మేకులు దిగ్గొట్టి, వెనక్కి జరిగి నిలబడి, వంకర లేదు కదా అని అడిగి, తనూ నవ్వాడు.

సారా, బ్రాందీ అన్నీ ఆపేసి కల్లుకు మాత్రం మినహాయింపు ఉన్న రోజులవి. అందుకని తాగేవాళ్ళంతా చెట్ల కిందికే వచ్చేవాళ్ళు, వాళ్ళ వెనకే ఎక్సైజు వాళ్ళూ వచ్చేవాళ్ళు. బోర్డు పెట్టిన రెండు నెలలకి కొత్త ఇన్‌స్పెక్టరు గారొచ్చారు. కుర్రాయన, మర్యాదస్థుడు. జీపు దిగి ముందు చూసింది బోర్డునే. టేపు తెప్పించి పాక గుమ్మం దగ్గర్నుంచి మొదటి చెట్టు మొదలు దాకా కొలిపించారు. కొలవడం దేనికి, కళ్ళతో చూస్తేనే తెలుస్తోంది.

"ఏమండీ, ప్రార్థనా మందిరం పక్కన ఎలా అమ్ముతున్నారండీ?" అన్నారు. నాన్న తలగుడ్డ తీసి చేత్తో పట్టుకున్నాడు. ఇన్‌స్పెక్టరు గారే మళ్ళీ, "ఒక పని చెయ్యండి. ఇది సామాన్లు పెట్టుకునే పాక, ఇక్కడ ప్రార్థనలు జరగవు అని రాయించి ఇవ్వండి. జాగా మీ ఆవిడ పేరున ఉందంటున్నారు కాబట్టి ఆవిడ వేలిముద్ర వెయ్యాలి. బోర్డు దింపెయ్యండి. నేను ఇక్కడే ఉంటాను, కాగితం ఇస్తే పట్టుకెళ్ళిపోతాను" అన్నారు. అంతకన్నా మంచిగా ఎవరు చెబుతారు?

అమ్మ గుమ్మంలో కొయ్యబారిపోయింది. కాగితం రాయాల్సింది నేను, ఆ ఇంట్లో చదువొచ్చిందాన్ని నేనొక్కదాన్నే. నేను రాయడానికి బదులు ఇన్‌స్పెక్టరు గారి మీదికి వెళ్ళాను. "ఇన్నాళ్ళూ కనపడనిది ఇవాళ కనపడిందా మీకు? ఊళ్ళో ఇంకే దొంగపనులూ దొరకలేదా?" అని ఏదేదో అన్నాను. నాన్న నన్ను ఒక్క కసురు కసిరి, ఆయనవైపు తిరిగి, "వద్దులెండి సార్. ఉన్నదాన్ని లేదని రాయించడమెందుకు" అన్నాడు. లోపలికెళ్ళి లైసెన్సు కాగితం తెచ్చి రెండు చేతుల్తో ఇచ్చేశాడు.

చెట్లని మోసుకుపోయి ఇంకోచోట పాతుకోలేం కదా. చెట్ల కింద అమ్మకపోతే గీత లేదు, అంతే. ఆ సాయంత్రం నాన్న పద్నాలుగు చెట్లూ ఎక్కి లొట్టిలన్నీ దింపేశాడు. లొట్టి లేకపోయినా గెలలు కొన్నాళ్ళు కారుతూనే ఉన్నాయి. కింద ఎండుటాకుల మీద టప్ టప్‌మని చుక్కలు పడేవి. నాన్న వరండాలో కూర్చుని అది వినేవాడు. ఆ చప్పుడు ఆగిన తర్వాత, బెజవాడ గుణదలలో ఒక అపార్టుమెంటుకు వాచ్‌మన్‌గా వెళ్ళిపోయాడు.

ఊళ్ళో అందరికన్నా ఎత్తున, కాలవ మలుపూ చేలూ చూస్తూ పొద్దు మొదలుపెట్టిన మనిషి, కార్ల మధ్య స్టూలు మీద కూర్చున్నాడు. నేను బెజవాడలో డిగ్రీ చదువుతూ వారానికోసారి వెళ్ళేదాన్ని. "ఇక్కడేం బాధ లేదమ్మా, పడిపోతానన్న భయం లేదు" అనేవాడు. అరచేతుల్లో మోకు కాయలు మెత్తబడిపోయాయని నాకు చూపించేవాడు. నాకు ఏడుపొచ్చేది. బోర్డు నేనే రాశానని, నా వల్లే పోయిందని చెప్పుకుని ఏడిస్తే, "ఛ, నీవల్ల కాదు, ఊరుకో" అని కొట్టిపారేసేవాడు.

ఇక్కడ అమ్మ సంగతి చెప్పాలి. అమ్మ దృష్టిలో అదంతా దేవుడు చేసిన పని. ఆ ఇన్‌స్పెక్టరుని దేవుడే పంపాడు, ఆ పూట నా భర్త మనసు కరిగించాడు, ఏళ్ళ తరబడి చేసిన ప్రార్థన విన్నాడు అని ప్రతి ఆదివారం నిలబడి సాక్ష్యం చెప్పేది. చెబుతుంటే అమ్మ గొంతు ఖంగున మోగేది. బిడ్డ పోయినప్పుడు వినని దేవుడు ఇదొక్కటైనా విన్నాడని అమ్మకి ధైర్యం. నాన్న సెలవు దొరికిన ఆదివారం చల్లపల్లి బస్సు పట్టుకుని వచ్చి, ఇప్పుడు పాకలోనే వెనకవైపు కూర్చుని, తలొంచుకుని ఆ సాక్ష్యం వినేవాడు. అయ్యాక ఆమెన్ అనేవాడు. "నీకు ఒళ్ళు మండదా నాన్నా?" అని అడిగాను ఒకసారి. "చెప్పుకోనీవే. దాని బలం అది" అన్నాడు.

ఆరేళ్ళు అలా గడిచాయి. ఒక ఉదయం గేటు తీస్తూ తీస్తూనే నాన్న గుండె ఆగిపోయింది. ఫోనొచ్చి నేను వెళ్ళేసరికి స్టూలు పక్కన దుప్పటి కప్పి పడుకోబెట్టారు. ఊరికి తీసుకొచ్చి కాలవ అవతల పాతిపెట్టాం.

పదకొండో రోజున పాకలో జ్ఞాపకార్థ కూటం. కూటానికి ముందు నేను చెట్ల కింద కూర్చుని ఉంటే పక్కూరి బాబాయి వచ్చాడు. నాన్నతో కలిసి గీసినవాడు, చిన్నప్పట్నుంచీ స్నేహం. నేను మళ్ళీ అదే మొదలుపెట్టాను, ఆ బోర్డు రాయకపోతే నాన్న ఇవాళ ఇక్కడే ఉండేవాడని.

బాబాయి కాసేపు నసిగాడు. "నువ్వలా కుమిలిపోవద్దమ్మా. మీ నాన్నకి తెలుసు" అన్నాడు.

"ఏం తెలుసు?"

"బోర్డు పెడితే చెట్లు పోతాయని. పాత ఇన్‌స్పెక్టరు నా ముందే చెప్పాడు. ఒట్టి పాకగా ఉన్నంతకాలం చూసీ చూడనట్టు పోతాం, బోర్డు మాత్రం పెట్టనియ్యకు, పెట్టావంటే నీ గీత అక్కడితో సరి అని. బోర్డు కొట్టిన సాయంత్రం మీ నాన్న నా దగ్గరికొచ్చి, అయిపోయిందిరా అన్నాడు. బుద్ధి లేదా, పీకెయ్యమన్నాను. అది నవ్విందిరా, ఎలా పీకేది అన్నాడు. ఎవరికీ చెప్పొద్దని ఒట్టు పెట్టించుకున్నాడు, నీకూ మీ అమ్మకీ అసలే చెప్పొద్దన్నాడు."

నేను అరిచిన అరుపులు, నీ కల్లుకి నామోషీనా అన్న మాట, అన్నీ చెవుల్లో గింగురుమన్నాయి. ఆ స్థితిలోనే వెళ్ళి కూటంలో కూర్చున్నాను.

పాస్టరు గారు మాట్లాడమంటే అమ్మ లేచింది. తెల్లచీర కొంగు తలమీద వేసుకుని, నాన్న ఫొటోవైపు చెయ్యి చూపించి, "దేవుడు ఈయన్ని ఆ చెట్ల మీంచి దింపాడు. నా ప్రార్థన విని దింపాడు" అని మొదలుపెట్టింది.

ఊరుకోవచ్చు. పదకొండు రోజుల కిందట మొగుణ్ణి పోగొట్టుకున్న మనిషి. ఆరేళ్ళు నాన్న ఊరుకున్నాడు, నేను పది నిమిషాలు ఊరుకోలేకపోయాను.

"దేవుడు దింపలేదే అమ్మా! నాన్నే దిగాడు!" అని లేచి అరిచాను. "బోర్డు పెడితే చెట్లు పోతాయని ఆయనకి ముందే తెలుసు. నువ్వు నవ్వావని తెలిసి తెలిసి మేకులు కొట్టాడు. నువ్వు ఇన్నేళ్ళూ దేవుడికే దండం పెట్టావు గానీ, ఆయనకి ఒక్కసారన్నా పెట్టావా?"

బాబాయి తల పట్టుకున్నాడు. అమ్మ నావంక, ఫొటోవంక చూసి, మెల్లగా చాపమీద కూర్చుంది. ఏడవలేదు. ఏడ్చినా బాగుండేది. ఆ సాయంత్రం అందరూ వెళ్ళిపోయాక ఒక్క మాట అడిగింది.

"మేకులు కొట్టేటప్పుడు నవ్వాడు కదే?"

"నవ్వాడమ్మా."

"ఊఁ" అంది, అంతే.

ఆ తర్వాత అమ్మ సాక్ష్యం చెప్పలేదు. పాస్టరు గారు బతిమాలినా చెప్పలేదు. తప్పు నాదేనమ్మా, క్షమించు అని కాళ్ళు పట్టుకున్నాను. "నువ్వు నిజమే చెప్పావు కదే" అంది. నిజమైతే ఏం లాభం? నాన్న తన చెట్లిచ్చి అమ్మకి మిగిల్చిన బలాన్ని నేను ఒక్క నిమిషంలో లాగేసుకున్నాను. బోర్డు సంగతైతే తెలియక చేశాను. ఇది తెలిసే చేశాను.

పాక తర్వాత సిమెంటు గోడల మందిరమైంది. నా రేకు బోర్డు తుప్పు పట్టినా తీసెయ్యడానికి అమ్మ ఒప్పుకోలేదు. ఇప్పటికీ ఆదివారం పొద్దున్నే అందరికన్నా ముందు వెళ్ళి చాపలు పరుస్తుంది. పాట మొదలవగానే బయటికి వచ్చేస్తుంది. గట్టు మీద మిగిలిన తాడిచెట్లలో మొదటిదాని కింద, నాన్న లొట్టిలు పెట్టుకునేచోట, చెట్టుకానుకుని కూర్చుంటుంది. ఊరికి వెళ్ళినప్పుడల్లా నేనూ వెళ్ళి పక్కన కూర్చుంటాను. లోపల ఆఖరి ఆమెన్ అయ్యేదాకా కూర్చుని, అప్పుడు లేస్తాం.