చెరువులో వదులైన గొలుసులు

దెయ్యాల కథలు చెప్పేవాళ్లను మధ్యలోనే ఆపి ప్రశ్నలు వేసే రకం నేను. ఖరగ్‌పూర్ రైల్వే ఆఫీసులో ఇన్నేళ్లు పనిచేసి, కంటికి కనబడనిది ఏదీ నమ్మలేదు. ఇప్పుడు నమ్ముతున్నానని కూడా అనను. జరిగింది మాత్రం చెబుతాను.

మా ట్రాఫిక్ కాలనీ వినాయకుణ్ని దగ్గర్లోని చెరువులో నిమజ్జనం చేస్తాం. ఒడ్డంతా బురద. అందుకని ప్లాస్టిక్ డ్రమ్ముల మీద పలకలు కొట్టి, తేలే రేవు ఒకటి కడతాం. నాలుగు మూలలా గొలుసులు, వాటి కొసన లంగరుగా వ్యాగన్ల పాత బ్రేకు దిమ్మలు. ఏటా ఆ పని వర్క్‌షాపులో ఫిట్టరైన మా బావది. గొలుసులు వదులుగా ఉంచేవాడు. రేవు ఊగుతోందని మేం ఏడిపిస్తే నవ్వి ఊరుకునేవాడు.

ఈ వేసవిలో బావ పోయాడు. ఈసారి ఆ పని నేనూ, ఆయన స్నేహితుడు అప్పలనాయుడూ చేశాం. రైల్వే బుద్ధి ఎక్కడికి పోతుంది? నిలబెట్టిన బండి కదలకూడదు. బట్టలారేసే తీగలా గొలుసులు బిగించాం. గొలుసుల్ని రేవుకు పట్టే ప్రతి నట్టు మీద నుంచి బోల్టు మీదికి నాయుడు పసుపు రంగు గీత గీశాడు. నట్టు కదిలితే గీత తెగి తెలిసిపోతుంది. వర్క్‌షాపు అలవాటు అది.

"ఇప్పుడు సూడు బాబూ, ఏనుగెక్కినా కదల్దు," అన్నాడు.

ఆ రాత్రంతా వాన. పొద్దున టీ తాగుతుంటే, బావ గొలుసులు ఎందుకు వదులుగా ఉంచేవాడో తట్టింది. నీరు పెరిగితే బిగిసిన గొలుసులు రేవును పైకి లేవనివ్వవు. ఏదో మూల మునిగి బోల్తా కొడుతుంది. పిల్లలు తోరణాలు కట్టడానికి అప్పటికే అక్కడికి వెళ్లారు. వాళ్లతో మా పాప కూడా. దానికి ఈత రాదు.

చెప్పులు కూడా వేసుకోకుండా పరిగెత్తాను.

చెరువులో మోకాలెత్తు నీరు పెరిగింది. రేవు ఆ నీటితో పాటే లేచి తిన్నగా తేలుతోంది. దాని మీద కూర్చుని మా పాప రంగుకాగితాలు అతికిస్తోంది. నాలుగు గొలుసులూ వదులుగా వేలాడుతున్నాయి. పాపను ఎత్తుకొచ్చి, ఒడ్డున కూలబడి ఏడ్చేశాను.

నాయుడొచ్చి నట్లన్నీ చూశాడు. గీత ఒక్కటీ తెగలేదు.

"నాను ముట్టనేదు బాబూ. మాయమ్మ మీద ఒట్టు," అన్నాడు.

నిమజ్జనం అయ్యాక దిమ్మలు పైకి లాగాం. గుర్తు కోసం పాతిన వెదురుకర్రల పక్కనే, బురదలో కూరుకుపోయి ఉన్నాయి. అంటే అవి జరగలేదు. గొలుసుల్లో కొత్త అతుకు లేదు. ఇనుము రాత్రికి రాత్రి సాగదు కదా.

అన్నీ అక్కకి చెప్పాను. "మీ బావే" అంటుందనుకున్నాను. అనాలనే కోరుకున్నాను కూడా.

అక్క మాత్రం, "ఆయనే అయితే, ఇంత దూరం ఒచ్చి, నన్నొక్కపాలైనా పిలవకుండా ఎల్లిపోతారేట్రా?" అంది.

గొలుసులు ఎలా వదులయ్యాయో నాకు ఈ రోజుకీ తెలీదు. అక్కకి ఏం చెప్పాలో అంతకన్నా తెలీదు.