పన్నెండున్నర అంగుళాలు

మొన్న పశువుల దవాఖానాకు కుక్కకు టీకా వేయించడానికి పోతే, అక్కడి కాంపౌండరమ్మ కార్డు ముందేసుకుని, పెన్ను మూత పళ్లతో లాగి, "అన్నా, జాతి ఏం రాయాలె?" అని అడిగింది. నాది కాదు లెండి, కుక్కది. నా చేతుల్లో ఉన్నవాడికి పద్నాలుగేళ్లు. తెల్లటి ఒంటి మీద చాయ్ ఒలికినట్టు మచ్చలు, ఒక కన్ను మసక, రెండు చెవులూ వినపడవు. "గదొక్కటి అడుగకు చెల్లె, పెద్దపెద్దోళ్లే చెప్పలేకపొయిండ్రు" అన్నాను. ఆమె నవ్వలేదు. నా వెనక మేకను పట్టుకుని ఒక ముసలాయన నిలబడి ఉన్నాడు, ఆయనా నవ్వలేదు. ఈ మధ్య నా జోకులకు గిరాకీ తగ్గింది. "లోకల్ అని రాస్తున్న" అంది. రాసుకొమ్మన్నాను. అనేశాను గానీ, ఆ మాట బాబాయి విని ఉంటే రెండు రోజులు అన్నం ముట్టేవాడు కాదు.

బాబాయి నాకు రక్తసంబంధం కాదు. బోధన్ అవతల కాలువ కింద, ఆంధ్రా వాళ్ల క్యాంపులో ఉండే రైతు. వాళ్ల నాన్న ఎప్పుడో కోస్తా నుంచి వచ్చి ఇక్కడ భూమి కొన్నాడు. ఈయన పుట్టింది, పెరిగింది అంతా ఇక్కడే. ఆరో తరగతిలో నేనూ బడీ ఒకరికొకరం దండం పెట్టుకుని విడిపోయాక కొన్నాళ్లు అటూ ఇటూ తిరిగి, చివరికి ఆయన చెరుకు ట్రాక్టరెక్కాను. క్యాంపులో పిల్లలంతా బాబాయ్ అని పిలుస్తుంటే నేనూ పిలిచాను. ఎవరూ కాదనలేదు. వాళ్లకు పిల్లల్లేరు. పిన్ని ఉన్నన్నాళ్లు ఆ ఇంట్లో నాకో కంచం ఉండేది, నా మాటలకు పగలబడి నవ్వే ఇద్దరు మనుషులుండేవాళ్లు. ఇంతకంటే జీతం ఎవరిస్తారు? పిన్ని పోయాక ముగ్గురం మిగిలాం, బాబాయి, నేను, బుడ్డోడు.

బుడ్డోడంటే ఇప్పుడు చెప్పిన ఈ కుక్కే. వీడి అమ్మమ్మ చక్కెర ఫ్యాక్టరీ క్వార్టర్స్‌లో ఒక ఇంజనీరు గారి ఇంట్లో కుర్చీల మీద పడుకున్న మనిషి. మనిషి అన్నానా, అననివ్వండి. ఆయన బదిలీ మీద పోతూ దాన్ని బాబాయికి ఇచ్చి పోయాడు, దాని జాతి కాగితాలు మాత్రం సామాన్లలో ఎటో పోయాయి. దాని పిల్లలు, పిల్లల పిల్లలు మా చెరుకు తోటల్లో ఎలుకల మీద బతికారు. చెరుకు మొదళ్ల దగ్గర ఎండాకు రాలి మోకాలెత్తు పరుపులా ఉంటుంది, ఎలుకలు దాని కిందే కాపురం పెడతాయి. ఆకు గలగలమంటే చాలు, బుడ్డోడు పొట్ట నేలకు ఆనించి, కాళ్లు ఉన్నాయా లేవా అన్నట్టు పాకేవాడు. మరుక్షణం నోట్లో ఎలుక. ఆ విద్య వాడికి బాబాయి నేర్పాడు, చేతిలో ఎండాకు నలుపుతూ, చిన్నప్పటి నుంచి. ఫ్యాక్టరీ మూతపడ్డాక చెరుకు పోయింది, వరి వచ్చింది, ఎలుకలకు మందు వచ్చింది. బుడ్డోడు, నేను ఒకేసారి పని తగ్గిన ఉద్యోగులమయ్యాం. వాడి తోబుట్టువులు ఒక్కొక్కటే పోయాయి. ఆరేళ్లు వచ్చేసరికి ఆ వంశంలో వాడొక్కడే.

అదీ బాబాయి దిగులు. హైదరాబాద్‌లో ఒక మేడం దగ్గర ఇదే జాతి ఆడకుక్క ఉందని ఎవరో చెబితే ఫోన్ చేశాడు. మీవాడికి రిజిస్ట్రేషన్ ఉంటేనే జత కడతాం, లేకపోతే లేదు అందావిడ. తల్లిదండ్రుల కాగితాలు లేని కుక్కనైనా కుక్కల షోకి తెస్తే, జడ్జి చూసి జాతి లక్షణాలున్నాయని ఒప్పుకుంటే ఆ షో పెట్టే క్లబ్బు పుస్తకంలో రాస్తారని కూడా ఆవిడే చెప్పింది. ఇక బాబాయి కళ్లద్దాలు పెట్టుకుని ఫోన్‌లో పడ్డాడు. చదివిందల్లా నాకు వినిపించేవాడు, నేను చదువు తప్పించుకుని వచ్చినందుకు పగ తీర్చుకుంటున్నట్టు. వెనకటికి ఇంగ్లాండులో రస్సెల్ అని ఒక పాదిరి ఉండేవాడట. ఆదివారం ప్రార్థన, మిగతా ఆరు రోజులూ నక్కల వేట. బొరియలో దూరిన నక్క వెనకే దూరే కుక్కలను తయారు చేసుకున్నాడు. ఆయన పోయాక ఆ కుక్కల సంతానాన్ని క్లబ్బులు పంచుకున్నాయి, అన్నదమ్ములు పొలం పంచుకున్నట్టు. పది నుంచి పన్నెండు అంగుళాల ఎత్తుండి, ఎత్తు కంటే పొడవు ఎక్కువైతే జాక్ రస్సెల్ టెర్రియర్. పదమూడు, పద్నాలుగు ఉండి, ఎత్తూ పొడవూ సమానమైతే పార్సన్ రస్సెల్ టెర్రియర్. అమెరికాలో ఇంకో క్లబ్బు మాత్రం పది నుంచి పదిహేను దాకా అన్నీ ఒకటేనంటుందట.

"మరి పన్నెండుకు, పదమూడుకు నడిమిట్ల పుడితే ఎట్ల బాబాయ్?" అన్నాను.

బాబాయి కళ్లద్దాలు తీసి పంచెతో తుడుచుకున్నాడు. "పుట్టకూడదురా" అన్నాడు.

మావాడు పుట్టాడు. ఎత్తు తల దగ్గర కాదు, భుజాల మీద కొలవాలి. ఎన్నిసార్లు కొలిచినా పన్నెండున్నరే. టేపు మీద నమ్మకం లేక బాబాయి వెల్డింగ్ షాపులో సన్న చువ్వతో సరిగ్గా పన్నెండు అంగుళాల ఎత్తు చట్రం ఒకటి చేయించాడు, చిన్న దర్వాజా లాగ. రోజూ పొద్దున బుడ్డోడు దాని కింద నుంచి నడవాలి. రోజూ చట్రం వాడి వీపుకెక్కి వాడితో పాటే వాకిలంతా ఊరేగేది. బాబాయి వాడి గోళ్లు కత్తిరించాడు, రొట్టె సగానికి తగ్గించాడు, ఎత్తు తిండిలో ఉన్నట్టు. పేరేమో బుడ్డోడు, వచ్చిన కష్టమేమో పొడుగు. నేను నవ్వి నవ్వి చచ్చేవాణ్ని.

షో నిజామాబాద్‌లోనే, ఒక ఫంక్షన్ హాలు వెనక గ్రౌండ్లో. బాబాయి ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. బుడ్డోడికి సీకాయతో స్నానం. నేను ఎవరికీ చెప్పకుండా జేబులో పిడికెడు ఎండు చెరుకాకు పెట్టుకున్నాను. జడ్జి హైదరాబాద్ నుంచి వచ్చిన నిదానస్తుడు. పళ్లు చూశాడు, చెవులు చూశాడు, తోక చూశాడు, బాగుందన్నాడు. వాళ్ల కొలత చట్రం వీపు మీదికి తెచ్చేసరికి నేను జేబులో చెయ్యి పెట్టి నలిపాను. బుడ్డోడు అర అంగుళం ఏం ఖర్మ, నేలకు అంటుకుపోబోయాడు. చట్రం తగలనే లేదు. జడ్జి సంతకానికి కాగితం అందుకున్నాడు. బాబాయి నా జేబు వైపు చూశాడు.

"సార్, మావాడు వంగాడండి. ఆకు చప్పుడుకి వంగుతాడు. మళ్లీ కొలవండి."

"వంగిండని మీకెట్ల తెలుసండి?"

"నేను నేర్పిందేనండి."

మళ్లీ కొలిచారు. పన్నెండున్నర. జడ్జి మంచివాడే, బుడ్డోడి మెడ నిమిరాడు. "మంచి కుక్కండి. కానీ దానికి పొడుగు, దీనికి పొట్టి. ఏ పేరు కింద రాయమంటారు?" బాబాయి నమస్కారం పెట్టాడు.

తిరుగు దారిలో ట్రాలీ ఆటో నేనే నడుపుతున్నాను. అందిన కాగితాన్ని ఆ మనిషి తన చేత్తో తోసేశాడు. ఇక వీడికి పిల్లల్లేరు, వీడితో సరి. కోపమొస్తే ఇంకొకరు తిడతారు, నేను జోకు వేస్తాను. వేశాను. "నీది గూడ గదే కత బాబాయ్. ఈడ పుట్టి అరవై ఏండ్లయినా ఆంధ్రోడే అంటరు. ఆడికి పోతే నైజాపోడంటరు. నిన్నే ఏ లిస్టుల రాయలేదు, నీ కుక్కను రాస్తరా?"

నా ప్రతి మాటకూ నవ్వే మనిషి నవ్వలేదు. బుడ్డోడు మా ఇద్దరి నడుమ కూర్చుని ఒకసారి ఆయన్ను, ఒకసారి నన్ను చూస్తున్నాడు. జానకంపేట దాటాక అన్నాడు. "నిజమేరా."

అంతే. ఆ తర్వాత ఎప్పుడూ ఆ మాట ఎత్తలేదు. నన్ను ఎప్పటిలాగే పిలిచాడు, నా కంచం నాకు పెట్టాడు. నా జోకులకు నవ్వాడు కూడా. కాకపోతే అప్పటి నుంచి, ముందు ఒక్క క్షణం నా మొహం చూసి, ఆ తర్వాత నవ్వేవాడు. ఆ క్షణం ఎంతసేపో నాకొక్కడికే తెలుసు. తప్పయిందని చెబుదామని చాలాసార్లు అనుకున్నాను. నోరు తెరిస్తే ఇంకో జోకు వచ్చేది.

షో అయిన మూడేళ్లకు బాబాయి పొలం గట్టు మీద కూర్చున్నవాడు కూర్చున్నట్టే పోయాడు. కోస్తా నుంచి ఆయన అన్నదమ్ముల పిల్లలు వచ్చారు. మర్యాదస్తులే. "నువ్వేమవుతావు బాబూ?" అని అడిగారు. "డ్రైవర్‌ని" అన్నాను. భూమి అమ్మారు, ఇల్లు అమ్మారు. కుక్కనేం చేద్దామని వాళ్లలో వాళ్లు అనుకుంటుంటే నాది అన్నాను. దానికి మాత్రం ఎవరూ కాగితం అడగలేదు.

ఇప్పుడు వర్ని చౌరస్తా దగ్గర ఒక గదిలో ఉంటున్నాం, నేనూ బుడ్డోడూ. పగలంతా సామాన్లు తోలుతాను, వాడు పక్క సీట్లో కూర్చుంటాడు. జోకులు వాడికే చెబుతాను. చెవుడు కాబట్టి బాధపడడు. ఆ ఇనుప చట్రాన్ని కూడా తెచ్చుకున్నాను. దాని మీద తువ్వాలు ఆరేస్తుంటాను.

మొన్న దవాఖానా నుంచి వచ్చాక ఏమనిపించిందో, తువ్వాలు తీసి చట్రాన్ని గది మధ్యలో నిలబెట్టాను. అవతల కూర్చుని, వినపడదు కాబట్టి, చెయ్యి ఊపాను. వాడు లేచి, వెనక కాళ్లు కాస్త వణుకుతుండగా, నడుం వంగిపోయిన నడకతో మెల్లగా వచ్చాడు. చట్రం కదల్లేదు. వీపుకూ చువ్వకూ మధ్య వేలు పట్టేంత సందుంది. ఇవతలికొచ్చి, అలవాటుగా తల తిప్పి, బాబాయి ఎప్పుడూ నిలబడే వైపు చూశాడు. అక్కడ గోడ ఉంది.

నేను వాణ్ని ఒళ్లోకి తీసుకున్నాను. ఆ రోజు నేను జేబులో ఆకు నలిపి దొంగతనంగా తగ్గించబోయిన అర అంగుళాన్ని, కాలం ఏ చప్పుడూ లేకుండా తగ్గించి పెట్టింది, మళ్లీ కొలవండని అడిగేవాడు లేకుండా పోయాక.