కాజలీ రెప్పలు

మా ఆయన పేమారాం చేతిలో కత్తెర పడితే ఇక ఎవరి మాటా వినడు. ఒంటె ఒంటిమీది బొచ్చు కత్తిరించి నెమళ్లు, తీగలు తీర్చడం ఆయన పని. బికానేర్ చుట్టుపక్కల ఆయన కత్తెర పడందే పెళ్లి ఒంటె కదలదు. అంతవరకూ బాగానే ఉంది. ఈసారి అక్షయ తదియనాడు ఊళ్లో జరిగిన పెళ్లికి మా సొంత ఒంటె కాజలీని ముస్తాబు చేస్తూ, చెయ్యి ఊరుకోక, దాని కంటిరెప్పల వెంట్రుకలు కూడా కత్తిరించేశాడు!

"ఆ పొదల్లో కళ్లెవరికి కనిపిస్తాయే?" అన్నాడు.

"నీ కళ్లు పోనూ! అదేమైనా పెళ్లికూతురా?" అని అరిచాను.

అవి సోకుకిచ్చిన వెంట్రుకలా? రెండు వరసలు. కన్ను మూస్తే ఒకదాంట్లో ఒకటి అల్లుకుని ఇసుకను బయటే ఆపుతాయి. తప్పించుకుని లోపలికొచ్చిన రేణువును తుడవడానికి పక్కనుంచి జారే పల్చటి మూడో రెప్ప వేరే ఉంది. ఆ రెప్ప మూసి, దాని గుండానే దారి చూసుకుంటూ ఇసుకగాలిలో నడుస్తుంది ఒంటె. ఇదంతా ఆయనకు తెలియదా? చిన్నప్పట్నుంచీ ఒంటెల మధ్యే పెరిగాడు.

పెళ్లిలో అందరూ "అబ్బ, ఏం కళ్లు!" అన్నారు. ఆయన మొహం చాటంతయింది. నాకు ఒళ్లు మండింది.

దిబ్బల అవతలి బావి నుంచి మాకు నీళ్లు మోసేది కాజలీయే. ఆ పెళ్లయిన రెండ్రోజులకు ఆయన దానితో నీళ్లు తెస్తుంటే దారిలో ఇసుకగాలి లేచింది. తలపాగా విప్పి దాని కళ్లకు కట్టి నడిపించుకొచ్చాడు. కట్టేలోపే ఇసుక పడిందేమో, కట్టు తీస్తే కళ్లు చింతనిప్పులు. మూడో రెప్ప ఆగకుండా జారుతోంది, ఇసుకను మాత్రం నెట్టలేకపోతోంది. తెచ్చిన నీళ్లలో సగం ఆ కళ్లు కడగడానికే పోయాయి.

దాని చూపు పోతే?

అప్పట్నుంచి కాజలీ నీడపట్టున, నీళ్లకుండ నా నెత్తిన. వెళ్లొచ్చిన ప్రతిసారీ ఆయన్ని తిట్టిపోశాను.

అంతలో పక్క ఊరి హడ్మాన్ తన ఒంటెతో దిగాడు. "అన్నా, తమ్ముడి పెళ్లి. దీని కళ్లు కూడా కాజలీకి చేసినట్టే చెయ్యి. ఎక్కడ విన్నా అదే మాట!"

"నా ఖర్మ! దాని కళ్లు చూశావా అసలు?"

"వెంట్రుకలే కదా వదినా, మళ్లీ మొలుస్తాయి."

మా ఆయన కత్తెర తీశాడు. అద్దం తెచ్చుకుని కూర్చుని, తన రెప్పల వెంట్రుకలే కత్తిరించుకున్నాడు! ఆపైన నీళ్ల తిత్తి భుజాన వేసుకుని, బయట లేచిన ఇసుకగాలిలోనే బావికి బయల్దేరాడు.

"పిచ్చి గానీ పట్టిందా నీకు?" అని వెనకాల అరిచాను. హడ్మాన్ ఆయన వచ్చేదాకా చూద్దామని అక్కడే కూర్చున్నాడు.

పొద్దు వాలేసరికి వచ్చాడు. కళ్లు వాచి ధారగా కారుతున్నాయి. తడుముకుంటూ వెళ్లి కాజలీ పక్కన చతికిలబడ్డాడు.

"దానికి మూడో రెప్పైనా ఉంది, ధాపూ," అన్నాడు.

హడ్మాన్ తన ఒంటెను అలాగే తోలుకుపోయాడు.

"ఆ తెలివి కత్తెర పట్టకముందు ఏమైందయ్యా!" అని అరుస్తూనే, రెండు తడిగుడ్డలు తేవడానికి లేచాను.