నాలుగు మూలల సుజాత

నేను ఇప్పటిదాక కత గిత ఏదీ రాయలే. చదివింది ఐదో తరగతి. తప్పులుంటె నవ్వుకోండ్రి. మొన్న మా లావణ్య నిశ్చితార్థంల ఏం చేసిన్నో చెప్పకుంటె మాత్రం నాకు మనసున పట్టదు. ఒక్క ముగ్గు వేసి, కుదిరిన సంబంధం చెడగొట్టబోయిన!

లావణ్య మా చెల్లె బిడ్డ. వాళ్ళుండేది నిజామాబాద్‌ల. నేను బోధన్‌ల బీడీలు చేస్త. "అక్కా, వాకిట్ల ముగ్గు నువ్వే వెయ్యాలె" అన్నది చెల్లె.

ఇగ అప్పటిసంది ఫోన్‌ల ముగ్గులు చూసుడే పని. ఒక వీడియో దొరికింది. మనిషి కనవడది. ఒక్క చెయ్యి, దానికి పచ్చ గాజులు. వేళ్ళ సందులకెల్లి పిండి జారుతుంటె గీత తనంతల తనే నడిచివోతున్నట్టు ఉంటది. దాని వెంట నేను గూడ పోతుంటి. చాట ఒళ్ళెనే ఉంటది, చేతుల బీడీ సగమే చుట్టి ఉంటది, నేను మాత్రం మబ్బుల మీద ఎటో తిరుగుతుంట. "ఏమే, కండ్లు తెరిచి నిద్రవోతున్నవా?" అని మా ఆయన అంటె గని సోయికి రాకపోతుంటి.

అన్నిటికన్న నాకు నచ్చింది మూలకున్న చిన్న ఆకుపచ్చ తీగ. ఎంత వంపో! చెయ్యి ఎటు జరిగినా అది కదలది. ముగ్గు మొదలువెట్టక ముందుగాలనే అది ఆడ ఉన్నది. అప్పుడన్న అనుమానం రావాలె కదా! రాలే.

నిశ్చితార్థం రోజు తెల్లారంగనే కూసున్న. పిండి జారుతుంటె చుట్టు ఎవరున్నరో యాదికి లేదు. ఆ పచ్చ గాజుల చెయ్యే నా చేతిలకు వచ్చినట్టు ఉండె. తీగ ఒక్క మూలకే ఉంటె కొరతగ అనిపించింది. నాలుగు మూలలకు వేసిన, పెద్దగ, ఆకుపచ్చ రంగుతోని.

"అబ్బ! నీ సొంతమేనా అక్కా?" అని వాడకట్టోళ్ళు అడిగిండ్రు. ఫోన్‌ల చూసిన అని చెప్పొచ్చు. చెప్పలే. తల వంచుకోని నవ్విన.

పది గంటలకు వేల్పూర్ నుంచి పిల్లగాని తరుపోళ్ళు దిగిండ్రు. పిల్లగాని నాయిన ముగ్గు తొక్కకుంట ఆగి, కండ్లద్దాలు పెట్టుకోని చుట్టు తిరిగిండు.

"బావా, పిల్ల పేరు లావణ్య అంటిరి గద?"

"అవు బావా," అన్నడు మా మరిది.

"మరి గీ సుజాత ఎవలు? ఇంగ్లీషుల నాలుగు దిక్కుల రాసిండ్రు!"

నేను గూడ వంగి చూసిన. నేను తీగ అనుకున్నది ఇంగ్లీషు కలిపిరాతనట! వీడియో చేసినామె తన పేరు వెట్టుకున్నది.

"మా ఇంట్ల సుజాత అనేటోళ్ళే లేరు బావా," అన్నడు మరిది.

"లేకుంటె నాలుగుసార్లు రాస్తరా?" అన్నది పిల్లగాని తల్లి. "మాకు చెప్పకుంట ఇంకో పిల్లను దాస్తున్నరా ఏంది?"

ఎవరో కారు డోరు మల్ల తీసిండ్రు. కిటికీలకెల్లి చూస్తున్న లావణ్య కండ్లల్ల నీళ్ళు.

నలుగురిల నోరు తెరవని దాన్ని, ఎట్ల వచ్చిందో మాట! "సుజాత ఈ ఇంటి పిల్ల గాదు, ముగ్గేసే ఆమె! ఆమె ఫోన్‌ల ఉంటది. ముగ్గు ఆమెది, నాది గాదు. పొద్దటిసంది నాదే అన్నట్టు నవ్విన, తప్పయింది" అన్న. వీడియో చూపెట్టిన. దాంట్ల మూలకున్న పేరు మీద వేలు వెట్టిన.

అందరు వంగి చూసిండ్రు. పిల్లగాని నాయినమ్మ పక్కున నవ్వింది. "దొంగతనం జేసి, సొమ్ముగలామె పేరు రాసివెట్టే దొంగను గిప్పుడే చూస్తున్న బిడ్డా! అది గూడ రంగేసి!"

కారు డోరు మూసుకున్నది. ఉంగరాలు మార్చుకున్నరు.

సాయంత్రం బస్సుల కూసోని ఆ వీడియో కింద ఒక్కో అక్షరం ఏరుకుంట పెట్టిన: "సుజాతమ్మా, అడగకుంట మీ ముగ్గు వేసిన. మీ పేరుతోనే వేసిన. మాఫ్ చెయ్యుండ్రి."

తెల్లారి ఫోన్ ముట్టలే. మా వాకిట్ల మంచుల కూసోని కండ్లు మూసుకున్న. ఊరి బయట చెరుకు పూత, తెల్లగ, గాలికి ఊగుతున్నట్టు కనవడ్డది. అదే వేసిన.

సుజాత ముచ్చట రాత్రే విన్న ఎదురింటి రాజవ్వ చెంబు పట్టుకోని నిలవడ్డది. "ఏందే, గీ చీపురుకట్టలేంది?"

"చెరుకు పూత అవ్వా."

"ఎవలది చూసి వేసినవ్?"

"ఎవలది గాదు, నాదే."

ఇంకొద్దిసేపు చూసి అన్నది, "ఔ. దీనికి పేరు రాయనక్కరలేదు తియ్యి."