మా బావ మళ్ళీ వైరు పట్టిన రోజు

పోయిన నెలలో లైనింగు బట్ట, దారపు రీళ్ళు కొనడానికి కోరుట్ల నుంచి జగిత్యాల వెళ్ళాను. నాకు కోరుట్లలో చిన్న కుట్టుపని దుకాణం ఉంది. కొనేవి కొనుక్కొని బస్టాండు వైపు నడుస్తుంటే ఒక మోటారు వైండింగు దుకాణం ముందు కాళ్ళు వాటంతట అవే ఆగిపోయాయి. లోపల ఒకతను కాలిపోయిన మోటారును విప్పి పాత రాగితీగ పీకుతున్నాడు. కొత్తగా చుట్టినదానికి వార్నిష్ పట్టించి ఎండలో ఆరబెట్టారు. మాడిన తీగ వాసన, పచ్చి వార్నిష్ వాసన కలిసి వస్తే నాకు మా బావ గుర్తుకొస్తాడు. ఎవరికైనా సబ్బు వాసనతోనో పూల వాసనతోనో చుట్టాలు గుర్తుకొస్తారు, మాకు మాత్రం ఇలా రాసిపెట్టి ఉంది. దుకాణమతను ఏం కావాలమ్మా అని అడిగాడు. ఏమీ వద్దని చెప్పి ఇంకాసేపు అక్కడే నిలబడ్డాను. నన్ను పిచ్చిదాన్ని అనుకొని ఉంటాడు. బస్సు కూడా వెళ్ళిపోయింది.

మా బావ అంటే మా అక్క భర్త. వాళ్ళది సిరిసిల్ల. మరమగ్గాల మోటార్లు, పొలాల దగ్గర బోరు మోటార్లు బాగుచేయడమే ఆయన పని. గంభీరావుపేట నుంచి కోనరావుపేట దాకా ఏ ఊళ్ళో మోటారు ఆగినా ముందు ఆయనకే ఫోను వచ్చేది. పండుగ పూట విస్తరి ముందు కూర్చున్నా సరే, ఫోను మోగితే చేయి కడుక్కొని బండెక్కేవాడు. మా అక్క సగం కాపురం ఆయన వెనక తలుపు వేసుకోవడంతోనే గడిచిపోయిందని నేను ఆటపట్టించేదాన్ని. ఆయనకు మాటలు తక్కువ, చేతులు ఎక్కువ. మా ఇంటికి చుట్టపుచూపుగా వచ్చినా నా కుట్టుమిషన్ మోటారు విప్పి చూడకుండా వెళ్ళేవాడు కాదు. బాగా నడుస్తున్నదాన్ని ఎందుకు విప్పుతావు బావా అంటే, బాగా ఎందుకు నడుస్తుందో చూస్తున్న అనేవాడు.

అలాంటి మనిషికి ఒక వానాకాలం కరెంటు కొట్టింది. గంభీరావుపేట దాటాక ఒక పొలంలో స్టార్టరు డబ్బా తెరిచి లోపల చేయి పెట్టాడు. లైను ఆపేశామని రైతు చెప్పాడు. ఆపారో లేదో, ఆపాక ఎవరైనా మళ్ళీ వేశారో ఇప్పటికీ ఎవరికీ తెలియదు. డబ్బా దగ్గర నిలబడ్డ మనిషి బురదమడిలో వెల్లకిలా పడ్డాడు. బురద మెత్తగా ఉండబట్టి, పక్కన మనుషులు ఉండబట్టి బతికి బయటపడ్డాడు. కుడి అరచేయి కాలింది. ఆసుపత్రి, కట్లు, లేపనాలు, దేవుడి మొక్కులు అన్నీ అయ్యాక అరచేతిలో ఒక ముడత మాత్రం మిగిలింది, వేళ్ళు మునుపటిలాగే ఆడాయి. డాక్టరు ఇక పని చేసుకోవచ్చన్నాడు. అందరం గండం గడిచిందనుకున్నాం.

గడవలేదు. ఆయన కరెంటు సంబంధం ఉన్న దేన్నీ ముట్టడం మానేశాడు. ముందు ఎవరమూ గమనించలేదు. తర్వాత చూస్తే ఫోను ఛార్జింగు కూడా మా అక్కే పెడుతోంది. ఫ్యాను వేయాలంటే ఆయన మూలనున్న ఎండుకర్ర తీసుకొని, చెప్పులు తొడుక్కొని, దూరం నుంచి స్విచ్ నొక్కేవాడు. మొదటిసారి చూసి నేను నవ్వాను. ఆయన ముఖం చూశాక నవ్వడం ఆపేశాను. వాన మొదలైతే ఇంట్లో ఉండలేక అరుగు మీదికి వచ్చి కూర్చునేవాడు. పొరుగింట్లో మగ్గాలు రోజంతా మోగుతూనే ఉండేవి. అందులో ఏ మోటారు మూలుగుతోందో ఆయన చెవికి తెలుస్తూనే ఉండేది, కానీ లేచి వెళ్ళేవాడు కాదు. పిలవడానికి వచ్చినవాళ్ళకు మా అక్క ఏదో ఒకటి చెప్పి పంపేది. పగలంతా బీడీలు చుట్టి ఇల్లు నడిపేది. ఆయన ఎదురుగా కూర్చొని ఆకు కత్తిరించి ఇచ్చేవాడు. మోటార్ల మనిషి కత్తెరతో తునికాకు కత్తిరిస్తుంటే నేను అటు చూడకుండా అక్కతో మాటల్లో పడేదాన్ని.

ఆ రోజుల్లోనే నా బిడ్డకు కార్ల పిచ్చి పట్టుకుంది. నిజం కారు కాదు, రిమోటుతో నడిచే బొమ్మకారు. అది జగిత్యాల దగ్గర ఇంజనీరింగు చదువుతుండేది. కాలేజీలో పిల్లలందరూ అలాంటి కార్లతో పందెం పెట్టుకున్నారట. దీని కారు అన్నిటికన్నా వెనక పాకుతుందని పాత మోటారు తీసేసి, ఎక్కువ వేగం ఉన్న కొత్త మోటారు, దానికి తగ్గ బ్యాటరీ తెప్పించుకుంది. కరెంటును మోటారుకు కొంచెం కొంచెంగా వదిలే చిన్న డబ్బా ఒకటి, స్పీడు కంట్రోలర్ అంటారు, అదీ తెచ్చింది. ఇంట్లో బట్టల మధ్య ఈ సామానంతా పరిస్తే నేను కసురుకున్నాను. అప్పుడు అది ఒక మాట చెప్పింది. ఈ బ్యాటరీ మనిషికి షాకు కొట్టదు, పెద్దబాపు దగ్గర కూర్చొని బిగిస్తా అని. పెద్దబాపు అంటే మా బావే. ఇరవై ఏళ్ళ పిల్లకు తట్టిన ఉపాయం మా ఎవరికీ తట్టలేదు.

ఆ మరుసటి ఏడు దసరా సెలవుల్లో ఇద్దరం వేములవాడ మీదుగా సిరిసిల్ల వెళ్ళాం. అది వాకిట్లో చాప పరిచి కారు విప్పింది. బావ అరుగు మీదే కూర్చున్నాడు, దిగలేదు. మొదటిరోజు చూశాడు, అంతే. రెండోరోజు పాత మోటారుకు రెండు వైర్లే ఉంటే కొత్తదానికి మూడెందుకున్నాయని అడిగాడు. అది బిగించి రిమోటు నొక్కితే కారు ముందుకు పోవాల్సింది వెనక్కి పోయి అక్క బీడీల చాట మీదికెక్కింది, బీడీలన్నీ చెల్లాచెదురయ్యాయి. అక్క తిడుతుంటే బావ ముఖంలో చాలా రోజుల తర్వాత వెలుగు కనిపించింది.

"మూడు వైర్లల్ల ఏవన్న రెండు అటిటు మార్చు బిడ్డ. బోరు మోటరు ఉల్టా తిరిగినా గంతే జేస్తం" అన్నాడు.

మార్చింది. కారు ముందుకు పరుగెత్తింది. ఆ సంగతి దానికి ముందే తెలుసట, ఆయన నోటితో చెప్పించాలని తెలియనట్టు కూర్చుందట. ఈ తెలివి దానికి నా వైపు నుంచి వచ్చిందని నేనంటే, వాళ్ళ నాన్న ఒప్పుకోడు. ఏదైతేనేం, మూడోరోజు బావ అరుగు దిగి చాప మీదికి వచ్చాడు. వైర్లు సన్నగా ఉన్నాయి, మోటారు లాగే కరెంటుకు వేడెక్కుతాయి, లావు వైరు వేయాలన్నాడు. మూలకు పడేసిన తన పనిసంచీలోంచి నల్ల వైరు చుట్ట తీసి ఇమ్మని అక్కకు చెప్పాడు. అక్క ఆ సంచీ మీది దుమ్మును కొంగుతో తుడిచి తెరిచింది.

ఆ మధ్యాహ్నం పిల్ల టంకం పెట్టే ఐరన్‌ను ప్లగ్గులో పెట్టి, అది వేడెక్కేలోగా రెండు ముద్దలు తిందామని లోపలికి వచ్చింది. తిని ముగ్గురం బయటికి వచ్చేసరికి బావ ఐరన్ పట్టుకొని బ్యాటరీ వైర్లకు టంకం పెడుతున్నాడు. ఎవరూ అడగలేదు, ఎవరూ చెప్పలేదు. ఆయన తల ఎత్తలేదు. గడప దగ్గరే ఆగిపోయాం. నా కళ్ళు నిండిపోయాయి. నా బిడ్డ మాత్రం వంగి చూసి ఏదో అనబోయింది. ఎక్కడ ఆయన ఉలిక్కిపడి వదిలేస్తాడోనని అక్క దాని చేయి గట్టిగా నొక్కింది.

అది అనబోయిన మాట ఏమిటంటే, రెండు వైర్లూ నల్లగానే ఉన్నాయి, ఏది ఎటు కలిపారని. బోరు మోటార్ల పనిలో అలవాటు అదే. ముందు కలిపేస్తారు, తిప్పి చూస్తారు, ఉల్టా తిరిగితే మారుస్తారు. అక్కడ తప్పు కలిపినా మోటారు వెనక్కి తిరుగుతుంది తప్ప ఏమీ కాదు. బ్యాటరీ ప్లస్సు, మైనస్సు తారుమారైతే సామాను కాలిపోతుందని ఆయనకు తట్టలేదు.

"ఉల్టా తిరిగితే మార్చుదాం తియ్యి" అంటూ బ్యాటరీ తగిలించాడు. పిల్ల ఆగు పెద్దబాపూ అని ఇలా అన్నదో లేదో, టప్పున పేలింది. స్పీడు కంట్రోలర్ నుంచి నిప్పురవ్వలు ఎగిరాయి, నల్లటి పొగ లేచింది, వైర్ల మీది తొడుగు కరిగి కారసాగింది. నేను, నా బిడ్డ వెనక్కి దూకాం. పారిపోతాడనుకున్న మనిషి పారిపోలేదు. ఆ మండే వైర్లను ఒంటిచేత్తో పీకి, బ్యాటరీని పట్టుకెళ్ళి గోడ పక్కనున్న ఇసుకకుప్పలో పాతిపెట్టాడు. తిరిగొచ్చి, గోడ దగ్గరికి నడిచి, ఐరన్ ప్లగ్గును చేత్తో పట్టుకొని పీకేశాడు. కర్ర లేదు, కాళ్ళకు చెప్పులు లేవు. తర్వాత ఎర్రబడ్డ వేళ్ళను అలా చూస్తూ నిలబడ్డాడు.

"చెయ్యే ముందుగల్ల పోయింది" అన్నాడు మెల్లగా. "నేను పొమ్మనలే."

నేను సంతోషం పట్టలేక నవ్వుతూ ఏడుస్తున్నాను. అక్క గడప మీద కూలబడి కొంగు నోట్లో కుక్కుకుంది. ఆమెదీ సంతోషమే అనుకొని పక్కన కూర్చొని భుజం మీద చేయి వేశాను, మంచి రోజులొచ్చినయి అక్కా అన్నాను.

"సంబురం గాదు చెల్లె" అంది, ఆయనకు వినపడకుండా. "రేపటి సంది మల్ల డబ్బలల్ల చెయ్యి పెడ్తడు. భయపడ్డన్ని దినాలు నా కండ్ల ముంగట ఉండె."

ఆ మాట అప్పుడు నాకు నచ్చలేదు. మొగుడు లేచి నిలబడితే ఏడ్చే ఆడది ఉంటుందా అనుకున్నాను. మరునాడు పొద్దున్నే బావ పనిసంచీ భుజాన వేసుకొని కోనరావుపేటకు బండి తీశాడు. అక్క తలుపు దగ్గర నిలబడి, లైను ఆపిన్రని చెప్తే నమ్మకు, నువ్వే చూసుకో అని ఒకటే మాట నాలుగు రకాలుగా చెప్పింది. ఆయన తలూపాడు. బండి మలుపు తిరిగే వరకూ చూసి, బీడీల చాట ముందు కూర్చుంది, ఆకు మాత్రం ముట్టలేదు. నా బిడ్డ కొత్త కంట్రోలర్ తెప్పించుకొని, ఎర్ర వైరు ఎర్రదానికే కలిపి పందేనికి వెళ్ళింది, గెలవలేదు.

బావ ఇప్పుడు బాగున్నాడు. మునుపటి కన్నా ఎక్కువ ఊళ్ళు తిరుగుతున్నాడు, నా కుట్టుమిషన్ మళ్ళీ విప్పుతున్నాడు. అక్క మాత్రం పొద్దు వాలితే నాకు ఫోను చేస్తుంది. కూరగాయలు, చీరలు, పక్కింటి గొడవలు ఏవేవో మాట్లాడుతుంది. మధ్యమధ్యలో ఆగి వింటుంది. బండి చప్పుడు వినపడగానే, వచ్చిండు ఉంటనే అని నా మాట మధ్యలోనే పెట్టేస్తుంది. ఒక వాన రోజు ఆయన రావడం బాగా ఆలస్యమైంది. ఫోనులో ఇద్దరికీ మాటలు అయిపోయాయి. అప్పుడు అంది, "గా ఏడాది మంచిగుండె చెల్లె. కంటి నిండ నిద్రపోయిన."

ఆయన పాడైపోయాడని మేమందరం ఏడ్చిన ఆ ఏడాదే, మా అక్క కాపురంలో నిశ్చింతగా గడిచిన ఒకే ఒక్క ఏడాది.