బొట్టు కింది చక్రవర్తి

నా చిన్నప్పుడు అమెరికాలో, నోవై అనే ఊళ్లోని మా ఇంట్లో నన్ను భయపెట్టే కన్ను ఒకటి ఉండేది. వంటగది అలమారలో, దేవుడి పటాల మధ్య, చనిపోయిన మా అమ్మమ్మ పూజించిన బంగారు కాసు. అమ్మ దాన్ని లక్ష్మీదేవి అనుకునేది. ఏళ్ల తరబడి పూసిన పసుపు కుంకుమల కింద ఆ ముఖంలో ఒక్క కన్ను తప్ప ఏమీ కనిపించేది కాదు. "అబద్ధమాడితే అమ్మవారు చూస్తుంది" అనేది అమ్మ.

రెండువేల మూడు చలికాలం. నాకు ఏడేళ్లు. స్కూల్లో పెరుగన్నం చెత్తబుట్టలో పడేసి, తిన్నానని చెప్పాను. మర్నాడే జ్వరం వచ్చింది. కన్ను చూసేసిందని తేల్చుకున్నాను. శిక్ష తప్పించుకోబోతే అమ్మవారికి ఇంకా కోపం వస్తుందని, మందు తాగకుండా రెండు రోజులు పళ్లు బిగించాను. ఒళ్లు కాలిపోతోంది.

ఆరు నెలలు ఉండి వెళదామని ఇండియా నుంచి వచ్చిన మా తాతయ్య, అమ్మ వాళ్ల నాన్న, ఊళ్లో చరిత్ర చెప్పిన మాస్టారు. మెల్లగా అడిగి నా చేత అంతా చెప్పించారు. నన్ను ఎత్తుకుని వంటగదిలోకి వెళ్లి, కాసు తీసి కుళాయి కింద పెట్టారు.

"నాన్నా! అమ్మ బొట్టు పెట్టిన కాసు అది!" అని అరిచింది మా అమ్మ.

"ఇది రోమ్ చక్రవర్తని మీ అమ్మకి పెళ్లైన ఏడాదే చెప్పానే. నవ్వి ఇంకో బొట్టు పెట్టింది."

ఎర్రనీళ్లు సింకులోకి జారాయి. పెద్ద ముక్కు, తల మీద ఆకుల దండ. మగవాడు! చెంప మీద ఉలితో కొట్టినట్టు లోతైన గాటు.

తాతయ్య నా చేతిలో క్వార్టర్, పావు డాలర్ నాణెం, పెట్టారు. "దీని మీదా ముఖం ఉంది. భయమేస్తోందా?"

"నో తాతయ్యా. హీ ఈజ్ జస్ట్ ఎ ప్రెసిడెంట్."

"ఇతనూ అంతేనమ్మా. తను వెళ్లలేని దేశాలకి ముఖాన్ని పంపాడు. మనిషి పోయి ఎన్ని వందల ఏళ్లో! నిన్ను మాత్రం ఇంకా ఏలుతున్నాడు."

"మరి ఆ దెబ్బ ఎవరు కొట్టారు?"

"తెలీదు. తెలియనప్పుడు తెలీదనాలి. ఆ ఖాళీలో దేవుణ్ణి కూర్చోబెట్టకూడదు."

మందు తాగాను. అమ్మ కాసును స్వెటర్ అంచుతో తుడిచి మళ్లీ అలమారలోనే పెట్టింది. బొట్టు మాత్రం పెట్టలేదు.

ఇప్పుడది నా సొరుగులో ఉంది. ముఖాలకు మొక్కమనే వాళ్లతో జీవితమంతా వాదిస్తూనే ఉన్నాను. అయినా, రాసేటప్పుడు ఒక చిన్న అబద్ధం దగ్గరకొస్తే, గాటు పక్కనున్న ఆ కన్ను గుర్తొచ్చి వేళ్లు ఆగిపోతాయి. అది నిజాయితీయా, ఆనాటి భయమేనా?

తెలియదు.