మమతారాణి తెర మీద నేసిన అంచు

మా కార్ఖానాలో ఏదైనా చెడిపోతే ముందు మనిషిని తిడతారు, తర్వాత మిషన్‌ను తన్నుతారు. నేనూ అంతే, దాచుకోవడం దేనికి. నా పేరు నర్మద. హుజూరాబాద్‌లో కరుణాకర్ సేటు చీరల కార్ఖానాలో నూలు కండెలు చుడతాను. కోపం నాకు ముక్కు మీదే ఉంటుంది. ఇప్పుడు చెప్పబోయే మమతారాణి మాత్రం తిట్టదు, తన్నదు. పక్కన పీట వేసుకుని కూర్చుని, ఏమైందని అడుగుతుంది. మనిషినైనా అంతే, మిషన్‌నైనా అంతే.

ఆ పిల్లది జమ్మికుంట. మరమగ్గాన్ని మేం సాంచా అంటాం. వాళ్ల బాపు శ్రీహరి సాంచాలు నడుపుతూనే పిల్లను కరీంనగర్‌లో పాలిటెక్నిక్ చదివించాడు. మా దగ్గర చీరల అంచులకు డిజైన్లు గీయడం ఆమె పని. కంప్యూటర్‌లో గీసిన డిజైన్ ఒక తీగ వెంట పెద్ద సాంచా నెత్తిన ఉన్న జకార్డుకు చేరుతుంది. ఏ పోగు లేవాలో, ఏది కింద ఉండాలో ఇక జకార్డే చూసుకుంటుంది. మమతారాణి వచ్చేనాటికి ఆ కంప్యూటర్ ముసలిదైపోయింది. ఆన్ చేసి, వాడ చివరిదాకా వెళ్లి చాయ్ తాగి వచ్చినా లేచేది కాదు. కొత్తది కొనే దాకా ఇదే నడవాలని సేటు అన్నాడు. ఆమె దాని లోపల ఉన్నదంతా ఊడ్చేసి లినక్స్ అనే తేలికపాటి సిస్టం వేసింది. ఫోన్‌లో చూసి తనంతట తానే నేర్చుకుందట. ముసలిదానికి మళ్లీ ప్రాణం లేచొచ్చింది.

ఆ పెద్ద సాంచా నడిపేది చంద్రవ్వ. ఆమె భర్త కైలాసం దాని మీదే బతుకంతా నిలబడ్డాడు. ఆయన పోయాక, దినాలు అయిన మర్నాడే వచ్చి, సాంచా నేను నడుపుతానంది. మా దగ్గర ఆడవాళ్లమంతా కండెల కాడే. సాంచా మీద నిలబడిన ఆడమనిషి ఆమె ఒక్కతే. మగవాళ్లు మూతులు ముడిచారు. ఆమె పట్టించుకోలేదు. ఇప్పుడు చంద్రవ్వ నేసిన చీరలో తప్పు వెతకాలంటే ఎవరికైనా కళ్లు కాయలు కాయాల్సిందే.

చిక్కంతా కరెంటుతో వచ్చింది. మా వాడకట్టులో అది చెప్పాపెట్టకుండా పోతుంది. కంప్యూటర్ కిందున్న బ్యాటరీ డబ్బా ఎప్పుడో చచ్చిపోయింది. కరెంటు పోయి వచ్చిందంటే కంప్యూటర్ నేరుగా లేవదు. లోపల డిస్కు బాగుందా లేదా అని అంతా ఒకసారి తడుముకుని చూసుకుంటుంది. అంతసేపూ నల్లటి తెర మీద తెల్లటి ఇంగ్లీషు అక్షరాలు బొలబొలా పైకి పారుతుంటాయి. పొద్దున్నే ముందుగా వచ్చి స్విచ్చు వేసేది చంద్రవ్వే. మమతారాణి బస్సు దిగేసరికి ఎండెక్కుతుంది. ఆ అక్షరాలు చూడగానే చంద్రవ్వ టక్కున స్విచ్చు ఆపేసేది. మళ్లీ వేస్తే మళ్లీ అవే అక్షరాలు. మళ్లీ ఆపేసేది. మధ్యలో ఆపిన కొద్దీ డిస్కు ఇంకా పాడైంది. ఒక గురువారం, పెళ్లి చీరల కోసం మమతారాణి సగం దాకా గీసిన అంచు కనబడకుండా పోయింది.

కరుణాకర్ సేటు చెడ్డవాడు కాదు, కానీ తొందర మనిషి. ఆ రోజు అందరి ముందూ అనేశాడు.

"సోమవారం సంది నువ్వు కండెల కాడ కూసో చంద్రవ్వా. సాంచా ఇంకొకలకు ఇస్త."

అనడమే కాదు, అప్పటికప్పుడు నా పక్కన ఒక పీట కూడా వేయించాడు.  చంద్రవ్వ కొంగుతో సాంచా తుడుచుకుంటూ నిలబడింది. నాకు కడుపు మండిపోయింది. కైలాసం చేతి చెమట ఇంకిన సాంచా అది, దాన్ని లాక్కుంటావా అని సేటును నాలుగు మాటలు అన్నాను. ఆయన వినబడనట్టే ఫోన్ చూసుకున్నాడు.

పోయింది మమతారాణి గీసిన అంచు. నేనైతే చంద్రవ్వను నిలబెట్టి దులిపేసేదాన్ని. ఆ పిల్ల మాత్రం రెండు కప్పుల్లో చాయ్ పట్టుకుని ఆమె దగ్గరకు పోయింది.

"చిన్నమ్మా, గా అక్షరాలు ఉరుకుతుంటే నీకు ఏమనిపించింది?"

"పడుగు మొత్తం తెగి పారుతున్నట్టే కొట్టింది బిడ్డా. పోగు తెగితే ముందుగాల ఏం జేస్తం? సాంచా ఆపుతం. నా చెయ్యి దానంతట అదే పోయింది."

 మమతారాణి చాయ్ కప్పు కింద పెట్టి సేటు దగ్గరకు పోయి, ఆమెది తప్పు కాదు, అది మంచి నేతగత్తె చెయ్యి, తెరే ఆమెకు తప్పు కబురు చెబుతోందని చెప్పింది. సోమవారం దాకా గడువు అడిగింది. తెర మారినా చంద్రవ్వ మధ్యలో ఆపేస్తే తాను ఇంకేమీ మాట్లాడనంది. సేటు సరేనన్నాడు గానీ పీట తీయించలేదు.

కంప్యూటర్ లేచేటప్పుడు ఆ అక్షరాలను వెనక దాచి ముందు బొమ్మ చూపించే ప్రోగ్రాం ఒకటి ఉంటుందట, పేరు ప్లిమత్. సేటు మేనల్లుడు రాకేశ్ కరీంనగర్‌లో కంప్యూటర్లు అమ్ముతాడు. అతను ఫోన్‌లో, ఓ దేవుడి ఫోటో పెట్టేయ్, పనైపోతుందన్నాడు. మమతారాణి కార్ఖానా పేరు రాసిన బొమ్మ ఒకటి పెట్టి చూసింది. తెర నల్లగా ఉండిపోయింది. కంప్యూటర్ లేవగానే అన్నిటికంటే ముందు విప్పే చిన్న మూట ఒకటి ఉంటుందని, బొమ్మను అందులో కట్టడం మరిచిపోయానని తనలో తాను నవ్వుకుంది. మూట మళ్లీ కట్టింది. ఈసారి బొమ్మ వచ్చింది.

శుక్రవారం చంద్రవ్వను పిలిచి స్విచ్చు వేయించింది. చంద్రవ్వ బొమ్మను చూసింది, కాసేపు ఆగింది, ఆపేసింది. కదలని సాంచా ఆగిపోయిన సాంచానే కదా అంది. నేను నెత్తి కొట్టుకున్నాను. మమతారాణి మాత్రం అదేదో బహుమతి ఇచ్చినట్టు ఆమె రెండు చేతులూ పట్టుకుంది.

"మరి సాంచా బాగ నడుస్తున్నదని నీకెట్ల ఎరుక చిన్నమ్మా? బట్ట పెరుగుడు చూస్తవా?"

"బట్టను కొనేటోళ్లు చూస్తరు బిడ్డా. నేసేటోళ్లం నాడెను చూస్తం. నాడె అటూ ఇటూ పోతున్నదంటే ఫికర్ లేదు."

నాడె అంటే లోపల కండె పెట్టుకుని పడుగు మధ్య అటూ ఇటూ పరుగెత్తే పడవలాంటి చెక్క ముక్క. ఆ సాయంత్రం మమతారాణి నా దగ్గరకు వచ్చి, నా చిలకపచ్చ చీర ఒకసారి ఇస్తావా అని అడిగింది. ఏ పెళ్లికి పోతున్నావే అని కసిరాను. పెళ్లి లేదు, అంచు కావాలంది. గొణుక్కుంటూనే ఇచ్చాను. శనివారమంతా ఆ చీర పక్కన పరుచుకుని, పోగు పోగూ చూస్తూ అంచును చిన్న చిన్న బొమ్మలుగా గీసింది. ఆదివారం కార్ఖానాకు సెలవైనా వచ్చి కూర్చుంది. నేను అన్నం డబ్బా పట్టుకుపోయాను. నాడె బొమ్మ ఊరికే అటూ ఇటూ తిరిగేలా చేయడం సులువేనట. ఆమె అలా చేయలేదు. లోపల కంప్యూటర్ ఒక్కో పని ముగించి కబురు పంపినప్పుడే నాడె ఒకసారి దాటాలి. డిస్కు ఎంత చూడటం అయితే అంచు అంతే పెరగాలి. ఇంత యాతన దేనికే, తిరిగితే చాలదా అన్నాను.

"ఉత్తగ తిప్పితే చిన్నమ్మను మోసం చేసినట్టే గదక్కా" అంది, తల ఎత్తకుండానే.

నేను చాలామంది చదువుకున్నవాళ్లను చూశాను. ఆ మాట విన్నాక ఈ పిల్లంటే నాకు పిచ్చి ప్రేమ పుట్టుకొచ్చింది. చెప్పడానికి సిగ్గెందుకు.

సోమవారం తెల్లారేసరికి రాత్రి పోయిన కరెంటు వచ్చి ఉంది. మమతారాణి మొదటి బస్సుకే దిగింది. సేటు కూడా పొద్దున్నే వచ్చాడు, సాంచా అప్పగించడానికి ఇంకొకతన్ని వెంటబెట్టుకుని మరీ. చంద్రవ్వ స్విచ్చు వేసింది. ఆమె పక్కన మమతారాణి చేతులు కట్టుకుని నిలబడింది, ఒక్క మాటా సాయం చెప్పలేదు.

నల్లటి తెర మీద ఒక నాడె ఎడమ నుంచి కుడికి పోయింది. కింద ఒక వరుస పడింది. నాడె తిరిగి వచ్చింది. ఇంకో వరుస. చిలకపచ్చ మీద ఎర్రటి అంచు కొద్దికొద్దిగా పైకి లేస్తుంటే చంద్రవ్వ మెడ ముందుకు చాచి చూసింది. సగం దాకా వచ్చాక అంచు ఆగింది. పెరగడం లేదు.  నేను మమతారాణి మొహం చూశాను. పెదవి కొరుక్కుంటోంది.

సేటు నిట్టూర్చాడు. ఇది బాగుపడేది కాదంటూ తనే స్విచ్చు మీదికి చెయ్యి చాపాడు. చంద్రవ్వ ఆ చేతిని మధ్యలోనే పట్టుకుంది. మా సేటు చెయ్యి పట్టుకున్నవాళ్లు ఆ కార్ఖానాలో అంతకుముందు ఎవరూ లేరు.

"ఆగుండ్రి సేటు. పోగు తెగలే. నాడె సూడుండ్రి, నడుస్తనే ఉన్నది."

నిజమే. మెల్లగా, ముసలాయన మెట్లెక్కినట్టు, నాడె అటు పోయింది. చాలాసేపటికి ఇటు వచ్చింది. సేటు చెయ్యి ఆమె పట్టులోనే ఉంది, ఆయనా లాక్కోలేదు. కాసేపటికి ఒక వరుస పడింది. తర్వాత ఇంకొకటి. ఆ తర్వాత గబగబా అంచు పూర్తయి, కంప్యూటర్ ఏమీ జరగనట్టు మామూలుగా లేచింది.

చంద్రవ్వ అప్పుడు సేటు చెయ్యి వదిలి, మమతారాణి వైపు తిరిగింది. అది నర్మద చీర అంచు కదా అంది. ఆ చీర కైలాసం పోయాక ఆ సాంచా మీద ఆమె నేసిన మొట్టమొదటిది. కొనేవాళ్లు లేక మూలన పడితే పంతానికి నేను కొన్నాను. ఆ సంగతి మమతారాణికి నేనే ఎప్పుడో చెప్పానట, నాకే గుర్తు లేదు. చంద్రవ్వ కళ్లు నిండిపోయాయి. మమతారాణి ఆమె భుజం మీద చెయ్యి వేసింది.

సేటు కాసేపు తెర వైపు చూశాడు. వెంట తెచ్చుకున్న మనిషిని ఇంకో సాంచా దగ్గరకు పంపేసి, తను చాయ్‌కి వెళ్లిపోయాడు. చంద్రవ్వ తన సాంచా మీదికి పోయి పిడి లాగింది. నా పక్కన వేసిన పీట మీద ఆ రోజు నా అన్నం డబ్బా పెట్టుకున్నాను. ఇప్పటికీ అక్కడే పెట్టుకుంటున్నాను.